మందునకు విలాసము: సూక్ష్మ ఔషధవాహకముల చరిత్రలో రాయవేలూరు

పాలారు నదీతీరమున నున్న వేలూరును మన పెద్దలు రాయవేలూరని వ్యవహరించెడివారు. విజయనగర సామంతుల నాటి కోటకును, తరువాతి కాలపు ఆరవీటి రాయల వైభవమునకును ఆ పేరు జ్ఞాపికగా నిలిచినది. 1911లో ఉత్తర ఆర్కాడు, కడప జిల్లాలనుండి కొన్ని తాలూకాలను వేఱుచేసి చిత్తూరు జిల్లాను ఏర్పఱచినప్పుడు వేలూరును గుడియాత్తమును ఆ ఎల్లకు దక్షిణముననే యుండిపోయినవి. ఎల్ల మాఱినను త్రోవలు మాఱలేదు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, తిరుపతి ప్రాంతముల తెలుగువారు నేటికిని ఆ త్రోవలనే వచ్చుచున్నారు. నాడు రాజాశ్రయమునకై వచ్చిరి. నేడు వైద్యమునకై వచ్చుచున్నారు.

1900లో ఐడా స్కడర్ ఒక్క మంచముతో ఆరంభించిన చిన్న వైద్యశాల 1902లో ఆస్పత్రియై, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను చేర్చుకొని, 1942లో క్రైస్తవ వైద్య కళాశాలగా పరిణమించినది. 1948లో పాల్ బ్రాండ్ కుష్ఠరోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే సరిచేయుటయు, 1961లో గుండెను తెఱచి చేయు శస్త్రచికిత్స ఈ దేశమున తొలిసారిగా ఇచట సఫలమగుటయు, 1971లో తొలి మూత్రపిండ మార్పిడి జరుగుటయు ఈ ప్రాంతీయులు గర్వముగా చెప్పుకొను సంగతులు. ఇవి కంటికి కనబడు ఘనకార్యములు. కంటికి కనబడని సూక్ష్మకార్యము గూడ ఒకటి ఈ యూరి ప్రయోగశాలలో జరిగినది. దానిని గూర్చి మనవారిలో ఎఱిగినవారు అరుదు.

ఆ సూక్ష్మకార్యమే ఈ వ్యాసమునకు విషయము. మందును దేహమంతట చల్లక, రోగమున్న చోటికే మోసికొనిపోవు అత్యల్ప పరిమాణముగల పాత్రలను శాస్త్రజ్ఞులు నానో వాహకములందురు. ఆ వాహకము దేహములో ఎచట నున్నదో స్కానుచే చూడగలుగుటయు, పని ముగిసిన పిదప అది హానిలేక దేహమునందే కరగిపోవుటయు గూడ సిద్ధించినచో ఆ విద్య పూర్ణమగును. ఈ విద్య యొక్క చరిత్రలో రెండు పోగులు మనకు చేరువనుండి సాగినవి. ఒకటి, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫోలికామ్ల పరిశోధన. రెండవది, వేలూరి నాడీరసాయన ప్రయోగశాల. గుడియాత్తము నేతగాండ్ర యూరు గనుక నేతను ఉపమానముగా గైకొనుట అసందర్భము కాదు. వస్త్రమంతయు మనదని చెప్పుకొనుట తప్పు; అందులోని మన పోగులను గుర్తింపలేకపోవుటయు తప్పే. ఆ రెండు పోగులను చూపి, వానికి తగిన మేరకే కీర్తిని పంచుట ఈ వ్యాసోద్దేశము.

రామబాణపు కోరిక

మ్రింగిన మాత్ర గాని, సూదిద్వారా ఎక్కించిన మందు గాని రక్తముతో దేహమంతట సంచరించును. మోకాలి నొప్పికి వేసికొన్న మాత్ర కడుపును మండించుట అందఱెఱిగినదే. క్యాన్సరు మందులయందు ఈ దోషము మిక్కిలి క్రూరముగా నుండును. త్వరత్వరగా విభజన పొందు కణములను చంపుట ఆ మందులలో పెక్కింటి ధర్మము. వెండ్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముకలలోని మూలుగ గూడ త్వరగా విభజన పొందునవే. అందుచే శత్రువుతో పాటు ఇంటివారును దెబ్బతిందురు. డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందు క్యాన్సరునకు గొప్ప ఔషధమే గాని గుండెకు చేటు చేయును. ఒక రోగికి జీవితమంతటిలో ఇంతకు మించి ఇవ్వరాదని వైద్యులు దానికొక హద్దు పెట్టుకొనవలసి వచ్చినది. రోగమును జయింపగల మందు చేతిలో నుండియు, రోగి తాళలేడని దానిని ఆపివేయుటకంటె వైద్యునకు దుఃఖకరమైన సన్నివేశము లేదు.

మన ఆయుర్వేదమున అనుపానమను పద్ధతి కలదు. ఒకే మందును తేనెతో నొకరికి, నేతితో నొకరికి, పాలతో మఱియొకరికి ఇత్తురు. మందు ఎంత ముఖ్యమో దానిని మోయునదియు అంత ముఖ్యమను భావము కావున మనకు క్రొత్త కాదు. అంతమాత్రముచే పూర్వులకు నానో విద్య తెలియునని వాదించుట పెద్దలకు గౌరవము కలిగింపదు. భావము వేఱు, దానిని కొలిచి, ప్రయోగించి, తప్పొప్పులు తేల్చుట వేఱు.

మందు తనంత తాను శత్రువును వెదకికొని పోవలెనను కోరికకు ఆధునిక కాలమున రూపమిచ్చినవాడు జర్మనీ దేశీయుడు పాల్ ఎర్లిక్. 1908లో నోబెలు బహుమానము పొంది, 1910లో సవాయి రోగమునకు సాల్వర్సాన్ అను మందును లోకమునకిచ్చిన ఈ మహనీయుడు అట్టి మందును మాయాగుండు అని పిలిచెను. మనవాడైనచో రామబాణమని యుండును. ఆ బాణమునకు కావలసినవి నాలుగు: మందును మోయుటకు వాహనము, చేరవలసిన చోటిని తెలుపు విలాసము, ఎచట నున్నదో తెలుపు ఆచూకీ, పని తీఱిన పిదప జాడ లేకుండ కరగిపోవు గుణము. కోస్తావారు చిరునామా యను దానిని మన ఎల్లప్రాంతమున తమిళుల వలెనే విలాసమందుము గనుక ఆ మాటనే ఇచట వాడుచున్నాను.

వాహనము

మిల్లీమీటరును పది లక్షల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. మనిషి వెండ్రుక మందము సుమారు 80,000 మొదలు 1,00,000 నానోమీటర్లు. ఔషధవాహకములు సాధారణముగా 10 మొదలు 200 నానోమీటర్లుండును. అనగా ఒక వెండ్రుక అడ్డుకొలతలో సుమారు వేయి వాహకములను వరుసగా నిలుపవచ్చును. మిక్కిలి చిన్నవైనచో మూత్రపిండములు వడగట్టి పాఱవేయును. మిక్కిలి పెద్దవైనచో కాలేయమును ప్లీహమును పట్టి మ్రింగివేయును. ఈ రెంటి నడుమ నున్న సందులోనే ఈ విద్య యంతయు ఇమిడి యున్నది.

1960 దశకము తొలినాళ్లలో ఇంగ్లండునందు అలెక్ బాంగమ్ అను శాస్త్రజ్ఞుడు కణపు పొరలలో నుండు ఒక జాతి కొవ్వులను నీటిలో కలిపి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచెను. అవి తమంతట తామే పొరలుగా చుట్టుకొని బుడగలై యుండెను. వీనికే లైపోసోములని పేరు. బుడగ లోపల నీరుండును. చుట్టును కొవ్వుపొర యుండును. నీటిలో కరగు మందును లోపలను, కొవ్వులో కరగు మందును పొరయందును దాచవచ్చును. ఆ పొర మన కణముల పొరవంటిదే యగుటచే దేహము దానిని పరాయిదానివలె త్రోసివేయక మెల్లగా జీర్ణించుకొనును. ఈ బుడగలను మందులకు, ఎంజైములకు వాహనములుగా వాడవచ్చునని 1970 దశకము తొలి సంవత్సరములలో గ్రెగరీ గ్రెగొరియాడిస్, బ్రెండా రైమన్ అనువారు చూపిరి.

ఇక వేలూరికి వత్తము. 1949లో జేకబ్ చాండీగారు ఇచట నాడీశస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పిరి. మన దేశమున అదియే మొదటిది. మెదడును కోసి చూచుటతో తృప్తిపడక, మెదడులోని రసాయనమును గూడ తెలిసికొనవలెనని ఆయన తలచెను. 1957 ప్రాంతమున అమెరికా చదువు ముగించుకొని వచ్చిన కలకత్తావాసి బిమల్ కుమార్ బచావత్‌గారు ఆయన ఆహ్వానముపై ఇచటికి వచ్చి నాడీరసాయన ప్రయోగశాలను నిర్మించి సుమారు రెండు దశాబ్దములు నడిపిరి. మహానగరమున గాక, ఒక జిల్లా కేంద్రమున, రోగుల మంచములకు ప్రక్కనే మూలపరిశోధన సాగుట ఆ కాలమున అపూర్వము. 1962లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించినది.

శిశువుల మెదడులోని తెల్లని భాగమును క్రమక్రమముగా నశింపజేయు మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అను వంశపారంపర్య వ్యాధి యొకటి కలదు. నడచుచున్న బిడ్డ నడక మఱచును. మాటలాడుచున్న బిడ్డ మాట మఱచును. దేహములో సల్ఫటేజు జాతి ఎంజైము ఒకటి లోపించుటయే దీనికి కారణమని అమెరికా వైద్యుడు జేమ్స్ ఆస్టిన్‌తో కలిసి వేలూరి బృందము 1963లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. కారణము తెలిసిన వెంటనే మఱియొక ప్రశ్న పుట్టును. లోపించిన ఎంజైమును బయటనుండి ఇచ్చుట యెట్లు? రక్తములో కలిపిన ఎంజైము తాను చేరవలసిన కణమును చేరకయే నశించును. గ్రెగొరియాడిస్ మొదలగువారు లైపోసోములను తొలుత తలపెట్టినది ఇట్టి వ్యాధులను దృష్టియందుంచుకొనియే. ఔషధవాహక విద్య క్యాన్సరునకంటె ముందుగా ఇట్టి పసిబిడ్డల వ్యాధులతో ముడిపడి యుండుట గమనింపదగినది.

బచావత్‌గారి బృందము ఈ విద్యలో ప్రవేశించిన ద్వారము మన పెరటిలోనిదే. అది ఆముదపు గింజ. ఆముదపు గింజలలో లెక్టినులను మాంసకృత్తులు గలవు. ఇవి కొన్ని చక్కెరలను మాత్రమే గుర్తించి పట్టుకొనును. వేలూరున బచావత్‌గారి శిష్యుడైన అవధేశ సురోలియా, బచావత్, ఎస్.కె. పొడ్డార్ అను మువ్వురి పేర్లతో 1975లో ‘నేచర్’ పత్రికయందు ఒక చిన్న పరిశోధన వెలువడినది. గాంగ్లియోసైడులనగా మెదడునందు విస్తారముగా నుండు, చక్కెర కొనలుగల ఒక జాతి కొవ్వులు. వీనిని పొదిగిన లైపోసోములను ఆముదపు లెక్టిను ఎట్లు పట్టుకొనునో వారు అందులో చూపిరి. చూచుటకు ఇది స్వల్ప విషయము. కాని దీని తాత్పర్యము స్వల్పము కాదు. బుడగ పైన చక్కెర గుర్తు నొకదానిని నాటవచ్చును. ఆ గుర్తును చదువగల చేయి యెదుట నున్నచో అది బుడగను పట్టుకొనును. అనగా వాహనమునకు విలాసము వ్రాయుట సాధ్యమే.

1976లో బచావత్‌గారు కలకత్తాలోని ప్రభుత్వ పరిశోధనాలయమునకు అధిపతిగా వెడలిరి. 1977లో సురోలియాతో కలిసి గాంగ్లియోసైడుల లైపోసోములలో దాచిన ఎంజైము కాలేయ కణములను చేరు తీరును ప్రకటించిరి. 1982లో ఆయన కలకత్తా బృందము, బుడగ పైని చక్కెర మాఱినచో కాలేయములోనే వేఱువేఱు జాతుల కణములు దానిని గైకొనునని ఎలుకలలో నిరూపించినది. గాలక్టోజు గుర్తుగల బుడగ కాలేయపు ముఖ్యకణములకు పోవును. మానోజు గుర్తుగలది తక్కిన కణములకు పోవును. ఒకే వీథిలో రెండు ఇండ్లకు రెండు విలాసములు వ్రాసినట్లైనది.

2021లో ఫలించిన విత్తు

ఆంఫోటెరిసిన్-బి అను మందు బూజు జాతి సూక్ష్మజీవులను చంపుటలో మిక్కిలి శక్తిమంతము. కాని అది మూత్రపిండములను దెబ్బతీయును. దీనిని లైపోసోమునందు పొదిగినచో ఆ విషగుణము చాలవఱకు తగ్గును. 1985 తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణమునకు వచ్చిన బచావత్‌గారు, ముంబయిలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి వైద్యులతో కలిసి దేశీయమైన లైపోసోము ఆంఫోటెరిసిన్‌ను రూపొందించిరి. విదేశపు మందు మన రోగులకు అందని వెల యుండిన కాలమది. ఈ దేశీయ మందును వాడుటకు ముందు ధ్వనితరంగములచే కొంతసేపు కుదిపి, బుడగలను తగిన కొలతకు తెచ్చుకొనవలెను. అట్టి చిన్న శ్రమతో వెల తగ్గినది. 1990లో ఆయనకు పద్మభూషణము లభించినది. 1996లో ఆయన కీర్తిశేషులైరి.

2021లో కోవిడు రెండవ యుప్పెనలో ఈ మందు పేరు తెలుగునాట ఇంటింట వినబడినది. నల్ల బూజు వ్యాధియని పత్రికలు వ్రాసిన మ్యూకోర్మైకోసిస్ ముక్కునుండి కన్నునకు, కన్నునుండి మెదడునకు ప్రాకినది. దేశమున ఆ యేడు జూను నెలాఖరునకే 40,000కు పైగా రోగులు లెక్కకు వచ్చిరి. లైపోసోము ఆంఫోటెరిసిన్ సీసాలకై బంధువులు ఊరూర తిరిగిరి. అది కొవ్వు బుడగలో పొదిగిన మందనియు, ఆ విద్య చరిత్రలో మన ప్రక్కయూరి ప్రయోగశాలకు భాగము కలదనియు వారికి చెప్పువారు లేకపోయిరి. మందు కొఱతకు తెలియమి కారణము కాదు. కాని తెలియనిచోట పుకారులును, దొంగ మందులును సులభముగా చొరబడునను సంగతి మనము మఱువరాదు.

విలాసము: సుబ్బారావుగారి దాయము

రెండవ పోగు భీమవరమునుండి వచ్చినది. 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యము చదివి, 1922లో అమెరికాకు వెడలిరి. హార్వర్డునందు సైరస్ ఫిస్కే తో కలిసి కండరములయందు శక్తిని నిలువచేయు భాస్వర పదార్థములను గుర్తించుట ఆయన తొలి కీర్తి. 1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరి, అచటి రసాయన శాస్త్రజ్ఞులకు నాయకత్వము వహించిరి. ఆయన సోదరుని బలిగొన్నది స్ప్రూ అను గ్రహణి జాతి వ్యాధి. ఆ వ్యాధితో కూడిన రక్తహీనతకు ఫోలికామ్లము మందగుట విధి విచిత్రము.

ఫోలికామ్లము ఒక విటమిను. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతకు ఈస్టు సారము గుణమిచ్చుట చూచెను. 1941లో పాలకూర ఆకులనుండి ఈ పదార్థమును వేఱుచేసిన అమెరికా శాస్త్రజ్ఞులు, ఆకునకు లాటిను భాషలోని పేరునుబట్టి దీనికి ఫోలికామ్లమని పేరిడిరి. 1945లో సుబ్బారావుగారి బృందము దీనిని రసాయనశాలయందు నిర్మించినది. కణము విభజన పొందవలెనన్నచో ఈ విటమిను కావలెను. కావున ఫోలికామ్లమును పోలియు దానివలె పనిచేయని పదార్థమును ఇచ్చినచో, తాళమున దొంగ తాళపుచెవి ఇఱుకుకొన్నట్లై క్యాన్సరు కణముల విభజన నిలిచిపోవును. అట్టిదే అమినోప్టెరిన్. 1948లో బోస్టనునందు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తక్యాన్సరుగల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను ప్రకటించెను. దాని సోదరియైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడబడుచున్నది. 1948 ఆగస్టు 8వ తేదీన సుబ్బారావుగారు న్యూయార్కునందు దివంగతులైరి.

ఈ కథ మనవారిలో పలువురకు తెలిసినదే. తరువాతి కథ అంతగా ప్రచారమునకు రాలేదు. కొన్ని క్యాన్సరు కణములు, ముఖ్యముగా అండాశయ క్యాన్సరు కణములు, తమ ఆకలి తీఱుటకై పొరపైన ఫోలికామ్ల గ్రాహకములను మిక్కుటముగా మొలిపించుకొనును. 1991లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున క్రిస్టఫర్ లీమన్, ఫిలిప్ లో అనువారు ఒక మాంసకృత్తునకు ఫోలికామ్లమును తోకగా తగిలించినచో కణము ఆ మొత్తమును లోపలికి మ్రింగునని చూపిరి. పిదప లైపోసోములకును ఈ తోకను తగిలించిరి. అప్పటినుండి ఎన్నియో ప్రయోగశాలలలో నానో వాహకములపై వ్రాయబడు విలాసము ఫోలికామ్లమే. క్యాన్సరు కణమును ఆకలిచే చంపుటకు సుబ్బారావుగారి బృందము ఫోలికామ్లపు నకలును వాడినది. అదే ఆకలిని వాకిలిగా చేసికొని తరువాతివారు ఫోలికామ్లమునే వాడిరి. ఈ రెండవ యుక్తి సుబ్బారావుగారిది కాదు. దానిని ఆయనకు అంటగట్టరాదు. కాని ఆ విటమినును రసాయనశాలలో చేయుట తెలియనిచో ఈ మార్గము తెఱచుకొనెడిది కాదు.

కరగిపోవు గుణము

మందును దించిన పిదప వాహనము దేహములోనే మిగిలిపోయినచో అదియే క్రొత్త రోగమగును. బంగారము, వెండి వంటి లోహరేణువులతో వచ్చు చిక్కు ఇదియే. అందుచే దేహమున కరగిపోవు పదార్థములకు ప్రాముఖ్యము హెచ్చినది. లాక్టికామ్లము, గ్లైకోలికామ్లము అను రెంటిని గొలుసుగా అల్లి చేయు పాలిమరు వీనిలో ప్రసిద్ధము. మొదటిది పెరుగునకు పులుపునిచ్చునది. రెండవది చెఱకునందు గలది. ఈ జాతి గొలుసులు మొదట శస్త్రచికిత్సలో గాయమును కుట్టు, తమంత తాము కరగిపోవు దారములుగా వాడుకకు వచ్చినవి. నీటిచే గొలుసు తెగి, తుదకు బొగ్గుపులుసు గాలియు నీరునై వెడలిపోవును. రెంటి పాళ్లను మార్చి, కరగు కాలమును వారములుగనో నెలలుగనో నిర్ణయింపవచ్చును.

రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్, పశుచర్మములనుండి తీయు జెలాటిన్, రక్తములోని ఆల్బ్యుమిన్ గూడ ఇట్టి వాహకములకు పనికివచ్చును. భీమవరపు చెఱువుల రొయ్యలను, ఆంబూరు, వాణియంబాడి తోళ్ల పరిశ్రమను ఎఱిగిన మనకు ఈ ముడిపదార్థములు క్రొత్తవి కావు. ఆల్బ్యుమినుతో పొదిగిన పాక్లిటాక్సెల్ అను క్యాన్సరు మందు 2005లో అమెరికాయందు అనుమతి పొందినది. దానికి పదేండ్లు ముందుగా, 1995లో, లైపోసోమున పొదిగిన డాక్సోరూబిసిన్ అనుమతి పొందెను. గుండెకు చేటుచేయు ఎఱ్ఱని మందని పైన చెప్పినది ఇదియే. నానో వాహకముతో అచట అనుమతి పొందిన మొదటి మందు ఇదియని చెప్పుదురు. బుడగలో నుండుటచే గుండెకు దాని తాకిడి తగ్గినది.

ఆచూకీ

వాహనమునకు విలాసము వ్రాసి పంపితిమి. చేరినదా లేదా? టపాలో రశీదు కోరినట్లు వైద్యుడును రశీదు కోరును. వాహకమునందు రేడియో ధార్మిక పదార్థమును గాని, ఇనుపరేణువులను గాని, కాంతినిచ్చు రంగును గాని చేర్చినచో స్కాను యంత్రము దాని జాడను చూపును. ఈ భావము పాతదే. టెక్నీషియము అను రేడియో ధార్మిక మూలకమును తగిలించిన గంధకపు సూక్ష్మరేణువులను ఎక్కించి కాలేయమును చిత్రించుట 1960 దశకమునుండి కలదు. కాలేయము రేణువులను మ్రింగుట ఔషధవాహకములకు శాపమైనది. అదే గుణము కాలేయమును చూడదలచినవారికి వరమైనది.

ఫోలికామ్ల విలాసము ఇచట గూడ అక్కఱకు వచ్చినది. ఫోలికామ్లమునకు కాంతినిచ్చు రంగును తగిలించిన పాఫొలాసయనిన్ అను పదార్థమునకు 2021 నవంబరులో అమెరికాయందు అనుమతి లభించినది. శస్త్రచికిత్సకు కొన్ని గంటల ముందు దీనిని ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూచినచో అండాశయ క్యాన్సరు ముక్కలు వెలుగును. పరీక్షింపబడిన స్త్రీలలో నాలుగవ వంతునకు పైగా మందిలో, కంటికిని చేతికిని అందని రోగము కనీసము ఒకచోటనైనను దీనిచే బయటపడినది. ఇది మందును మోయదు. కేవలము చోటును చూపును. అయినను విలాసము సరియైనదే యనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు.

పరాజయములును చరిత్రయే

విజయములను మాత్రమే వ్రాసినచో అది స్తోత్రమగును గాని చరిత్ర కాదు. ఫోలికామ్లమునకు క్యాన్సరు మందును తగిలించిన వింటాఫొలైడ్ అను ఔషధమును, ఎవరి వ్యాధి ఫోలికామ్లమును గైకొనునో స్కానుచే ముందుగా ఎన్ని, వారికే ఇచ్చి చూచిరి. చూచి గుఱిపెట్టుట అనగా ఇదియే. 2014లో ఆ పరీక్ష మధ్యలోనే ఆపివేయబడెను. రోగులకు ఆశించిన లాభము కనబడలేదు. కరగిపోవు పాలిమరుతో చేసి, విలాసము తగిలించిన మఱియొక వాహకమును తయారుచేసిన అమెరికా సంస్థ 2016లో దివాలా తీసినది.

అదే సంవత్సరము టొరాంటో విశ్వవిద్యాలయమువారు అంతకు ముందు పదేండ్ల పరిశోధనలను సమీక్షించి ఒక లెక్క చెప్పిరి. జంతువులలో ఎక్కించిన నానో వాహకములలో క్యాన్సరు గడ్డను చేరునది నూటికి 0.7 మాత్రమే. తక్కినవి చాలవఱకు కాలేయము, ప్లీహముల పాలగుచున్నవి. గడ్డలోని రక్తనాళములకు చిల్లులుండును గనుక సూక్ష్మరేణువులు అచట తామే నిలుచునని 1986లో జపాను శాస్త్రజ్ఞులు మాత్సుమురా, మాయెదాలు చెప్పిన సిద్ధాంతము ఎలుకలయందు చక్కగా ఫలించినది. మనుష్యులయందు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా నున్నది.

ఐనను కాలేయమే గమ్యమైనచో పరాజయము జయమగును. 2018లో కొవ్వు రేణువులలో పొదిగిన జన్యుసంబంధమైన తొలి మందు పటిసిరాన్ అనుమతి పొందినది. అది పోవునది కాలేయమునకే. గాలక్టోజు జాతి చక్కెరను విలాసముగా ధరించిన గివోసిరాన్ 2019లోను, ఇంక్లిసిరాన్ 2020లోను అనుమతులు పొందినవి. చక్కెర గుర్తుచే కాలేయకణమును చేరుట బచావత్‌గారి బృందము ఎలుకలలో చూపిన సంగతియే. ఈ మందులు వారి పరిశోధననుండియే పుట్టినవనుట అతిశయోక్తి. ఈ మార్గమున పలు దేశములవారు నడచిరి. ఆ నడచినవారిలో మన ప్రక్కయూరివారును కలరనుట సత్యము.

నేటి వేలూరు, మన కర్తవ్యము

వేలూరున ఈ విద్య ఆగిపోలేదు. 1984లో ఇంజనీరింగు కళాశాలగా పుట్టి, 2001లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన వి.ఐ.టి.యందు నానో జీవసాంకేతిక విద్యకు ప్రత్యేక కేంద్రము కలదు. క్రైస్తవ వైద్య కళాశాలయందు హీమోఫీలియా రోగులైన అయిదుగురకు వారి మూలకణములలోనే మంచి జన్యువును చేర్చి చికిత్స చేసిన ఫలితము 2024 డిసెంబరులో ప్రకటితమైనది. అచట వాహనము కొవ్వు బుడగ కాదు. కోఱలు తీసిన వైరసు. ఐనను సమస్య అదియే: మోయవలసినదానిని చేరవలసిన కణమునకే చేర్చుట.

ఇట్టి క్రొత్త చికిత్సలు రోగులను చేరునప్పుడు మొదట పరీక్షారూపముననే చేరును. రోగి సమ్మతిపత్రముపై సంతకము చేయవలెను. పరీక్ష యనగా నేమి, నూటికి 0.7 అను లెక్కకు అర్థమేమి, స్కానులో వెలిగినది రోగమా మందా అని అడుగుటకు అతనికి మాటలు కావలెను. ఆంగ్లమున వ్రాసిన కాగితమును తెలుగింటి పెద్దకు చదివి చెప్పునది తఱచుగా బడికి పోవు పిల్లవాడే. నానో యను రెండక్షరములను అంటించి వెల పెంచు ప్రకటనలను త్రోసిపుచ్చుటకును ఆ మాటలే కావలెను.

2006 నాటి చట్టముచే తమిళనాట బడులలో తమిళము నిర్బంధ ప్రథమభాష యైనది. ఉన్న నేల భాషను చక్కగా నేర్చుట మన పిల్లలకు మేలే. కాని మిగిలిన కొద్దిపాటి తెలుగు గంటను పద్యములతోను కథలతోను మాత్రమే నింపినచో, తెలుగు తాతనాటి వస్తువని పిల్లలు తలతురు. వాహకము, విలాసము, ఆచూకీ, గ్రాహకము, కరగుట యను మాటలతో ఈ విద్యను ఏడవ తరగతి బాలునకు చెప్పవచ్చునని తరగతి గదిలోని యనుభవముచే నాకు నమ్మకము కలిగినది. పెరుగు పులుపు, ఆముదపు గింజ, పాలకూర, రొయ్యపెంకు వానికి తెలిసినవే గదా.

కావున సంఘమువారికి నా విన్నపము ఒక్కటి. వేలూరు ఆస్పత్రులయందు పనిచేయు తెలుగు వైద్యులను, నర్సులను, ఈ ప్రాంతపు తెలుగు ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి, రోగికి అక్కఱకువచ్చు ఇన్నూఱు మాటలతో ఒక చిన్న పుస్తకమును తయారుచేయింపవలెను. తెలుగు, తమిళ, ఆంగ్లములు మూడును అందుండవలెను. కాట్పాడిలో రైలు దిగిన తెలుగువాని చేతిలో ఆ పుస్తకముండునట్లు చేసినచో, సుబ్బారావుగారి పేరును, వేలూరి ప్రయోగశాల పేరును సభలలో తలచుటకంటె అది వారికి తగిన స్మారకమగును.